దిబ్బల కింద సేఫ్టీ కారు

ఆదివారం మధ్యాహ్నాలు మా ఇంట్లో గొడవ మొదలయ్యేది టీవీలో ఒక దీపం వెలిగినప్పుడు. కారు నెత్తిన మెరిసే నారింజ రంగు దీపం. అది కనబడగానే మా పక్కింటాయన కుర్చీ చేతులమీద రెండు అరచేతులతో చరిచి, "పోయిందన్నా! అంతా పోయింది! ఇంతసేపూ చచ్చీ చెడీ వాడు సంపాదించిందంతా మట్టిపాలు!" అనేవాడు.

అంతవరకూ వంటింటి గడపలో అనపకాయలు ఒలుచుకుంటూ కూర్చున్న మా ఆవిడ చేటతో సహా లోపలికి వచ్చేది. "ఇంగ బాగుంటాది చూడండి. ఇంతసేపూ ఏముండాది? ఒకడు ముందర, తక్కినోళ్ళు ఎనకాల. దానికన్నా నా అనపకాయలే మేలు."

రేసుల సంగతి తెలియనివారి కోసం ముందుగా ఇది చెప్పాలి. ట్రాకు మీద ఏ కారైనా తిరగబడినా, గోడకు కొట్టుకున్నా, దాన్ని తీసేదాకా మిగతా కార్లు మామూలు వేగంతో తిరగడం ప్రమాదం. అందుకని సేఫ్టీ కారు అని, నిర్వాహకుల కారొకటి దీపం వెలిగించుకుని వాటి ముందుకు వస్తుంది. అందరూ వేగం తగ్గించి దాని వెనక వరసగా నడవాలి. ఒకరినొకరు దాటకూడదు. దారి బాగుపడ్డాక ఆ కారు దీపం ఆర్పి పక్కకు తప్పుకుంటుంది, రేసు మళ్ళీ మొదలవుతుంది. చిక్కంతా ఇక్కడే. అప్పటిదాకా మొదటివాడు రెండోవాడికి కనబడనంత దూరంలో ఉండొచ్చు. సేఫ్టీ కారు వెనక నిలబడేసరికి ఆ దూరం మాయమైపోతుంది. రెండోవాడు వాడి తోకకు ముక్కు ఆనించుకుని నిలబడతాడు. స్థానం మిగులుతుంది, సంపాదన పోతుంది.

పక్కింటాయనకు అది దోపిడీ. మా కోలారు బంగారు గనుల్లో ఆయన వైండర్, అంటే మనుషులను ఇనుప కేజ్‌లో నిలబెట్టి గని బావిలోకి, షాఫ్టులోకి దించే, పైకి లాగే యంత్రాన్ని నడిపినవాడు. లోపలున్నవాళ్ళ ప్రాణాలన్నీ తన చేతి కింద ఉండగా, కుదుపు లేకుండా ఆపడమే ఆయన ఉద్యోగం. అలాంటివాడికి రేసుల పిచ్చి ఎలా పట్టిందని అడిగితే, "జీవితమంతా మెల్లిగా ఆపినాను కదన్నా, ఇంగ వేగంగా పోయేవాళ్ళను చూసుకోనీ" అనేవాడు.

నాది టైమాఫీసు. లోపలికి దిగినవాళ్ళ, పైకి వచ్చినవాళ్ళ వేళలు రాయడం నా పని. ఇంట్లో రోజూ డైరీ రాసే అలవాటు అక్కడినుంచే వచ్చింది. గనులు మూతపడ్డాక చాలామందిలాగే నేనూ కొన్నేళ్ళు చీకటితో లేచి బెంగళూరు రైలెక్కి లెక్కలు రాసి వచ్చాను. తర్వాత అదీ మానేసి టీవీ ముందు కూర్చున్నాను. సేఫ్టీ కారు విషయంలో నా అభిప్రాయం టైమాఫీసు అభిప్రాయమే. షాఫ్టులో ఏదైనా జరిగి కేజ్ ఆగిపోతే, ఆ ఆగిన సేపు ఎవరి ఖాతాలోనూ ఆలస్యంగా రాసేవాళ్ళం కాము. ఎవరి వేళ వారిదే. రేసులోనూ అలాగే, దీపం వెలగగానే అందరూ ఒకే నిదాన వేగానికి తగ్గాలి, ఎవరి మధ్య ఎంత దూరం ఉందో అంతే దూరంతో నడవాలి. ఎవరికీ నష్టం ఉండదు.

"అట్లా రూలు కూడా ఉండాది పెద్దనాయనా. కొన్నిసార్లు వాడతారు" అని చెప్పింది పక్కింటాయన కూతురు. మేమందరం పాప అనే పిలిచేవాళ్ళం గానీ అప్పటికే ఇరవై ఆరేళ్ళది.

"చూసినావా, మంచి రూలు" అన్నాను.

"మంచి రూలే. చప్పటి రూలు" అంది మా ఆవిడ. "ఉప్పు లేకుండా చారు తాగినట్ల. నష్టమూ లేదు, రుచీ లేదు."

పాప నవ్వేది. ఆమె కోలారు దగ్గరి నరసాపురంలో మోటారుసైకిళ్ళ ఫ్యాక్టరీలో బ్రేకులు పరీక్షించే చోట పనిచేసేది. షిఫ్టును బట్టి కంపెనీ బస్సు మా వీధి మొన దగ్గర దింపేది. గనులు మూసేశాక ఆమె తండ్రి పాత చిన్న కారొకటి కొని బంగారుపేట స్టేషనుకూ కోలారు ఆసుపత్రికీ బాడుగకు తిప్పాడు. ఆ కారులోనే పాప నడపడం నేర్చుకుంది, అదీ వానాకాలంలో బూదికోట దారుల బురదలో. కారు జారుతుంటే భయపడకుండా, జారినవైపే చక్రం తిప్పి దాన్ని మళ్ళీ దారిలో పెట్టడం చూసి తండ్రికి గుండె ఆగిపోయినంత పనైందట. ఆ రోజు ఇంటికి వచ్చి మా గుమ్మంలో నిలబడి, "అన్నా, మన పాపకు ఏదో ఉండాది" అన్నాడు.

పాప కోరిక ఒక్కటే. మద్రాసు దగ్గరి పెద్ద ట్రాకు మీద, తారు ట్రాకు మీద, నిజమైన రేసుల్లో కారు నడపాలి. ఫ్యాక్టరీ షిఫ్టుల మధ్య, పాత బాడుగ కారుతో అది జరిగే పని కాదు. అందుకే బెంగళూరు మోటారు క్లబ్బొకటి మా ఊళ్ళో మట్టి రేసు పెడుతుందని, గెలిచినవారికి ఆ పెద్ద ట్రాకు మీద ఒక సీజను పాటు తమ కారులో సీటు ఇస్తుందని తెలిసినప్పుడు, ఆమె కంపెనీ బస్సు దిగి ఇంటికి పోకుండా నేరుగా మా ఇంటికి వచ్చింది.

"పెద్దనాయనా, దిబ్బల కింద రేసంట. మన దిబ్బల కింద!"

మా దిబ్బల గురించి ఈ ప్రాంతంవాళ్ళకు చెప్పక్కర్లేదు. గనిలోంచి తీసిన రాతిని పిండి చేసి, సైనైడ్‌తో బంగారం తీసుకున్నాక పారబోసిన పొడి కొండల్లా పేరుకుంది. సైనైడ్ దిబ్బలంటాం. గాలి లేస్తే ఊరంతా తెల్లగా పొడి రాలుతుంది. ఆ దిబ్బలకు అడుగున ఉన్న చదును నేల మీద సున్నంతో గీతలు గీసి, మలుపుల దగ్గర పాత టైర్లు పేర్చి ట్రాకు తయారు చేశారు.

క్లబ్బు సెక్రటరీ బెంగళూరు తెలుగువాడు. కార్లు తనిఖీ చేయడానికి ముందు రోజు పక్కింటాయన షెడ్డుకు వచ్చి, నేను టైమాఫీసు మనిషినని తెలుసుకుని, స్టాపువాచీ ఇచ్చి ముగింపు గీత దగ్గర కూర్చోమన్నాడు. సందు దొరికింది కదా అని నా రూలు ఆయనకు చెప్పాను. దీపం వెలగగానే ఎవరి దూరం వారు కాపాడుకుంటూ నడిచే రూలు.

ఆయన మర్యాదగా విన్నాడు. "సార్, మీరు చెప్పేది న్యాయమే. కానీ ఈ దుమ్ములో ఎవరు ఎంత దూరంలో ఉన్నారో ఎవరికి కనిపిస్తుంది? ఇంకో మాట. అట్లా చేస్తే జనం ఇంటికి పోతారు. జీపు పంపిస్తాము, అందరూ దాని వెనక వస్తారు. అంతే."

"దుమ్ములో జీపు వచ్చింది కూడా ఎవరికీ కనపడదు కద సార్?" అన్నాడు పక్కింటాయన.

సెక్రటరీ ఆలోచనలో పడ్డాడు. అప్పుడే ఆయన కళ్ళు పక్కింటాయన షెడ్డు మూలన ఉన్న ఒక వస్తువు మీద పడ్డాయి. చేత్తో తిప్పే సైరన్. గనుల సామాను పాత ఇనుము కింద అమ్మేసినప్పుడు పక్కింటాయన తెచ్చుకున్నది. సెక్రటరీ పిడి పట్టుకుని రెండు చుట్లు తిప్పాడు. వీధిలో కుక్కలన్నీ మొరిగాయి.

"ఇదే! ఇది మోగిందంటే సేఫ్టీ కారు వచ్చినట్టు. అందరికీ వినిపిస్తుంది" అన్నాడు సంబరంగా.

పక్కింటాయన తుడిచి, నూనె వేసి సిద్ధం చేశాడు. తిప్పే పని కూడా ఆయనే ఒప్పుకున్నాడు. అందులో తప్పేముందో అక్కడున్న ఒక్కరికీ తోచలేదు. బయటివాడైన సెక్రటరీకి తోచకపోవడంలో వింత లేదు. మాకు తోచకపోవడమే వింత.

రేసునాడు శివరాత్రి దాటిన ఎండ. ఊరు ఊరంతా దిబ్బల కింద చేరింది. చర్చి అయిపోయి నేరుగా వచ్చినవాళ్ళు, గొడుగులతో ఆడవాళ్ళు, మామిడికాయ ముక్కలకు ఉప్పూకారం చల్లి అమ్మేవాళ్ళు. మా ఆవిడ ఇంటినుంచి ముక్కాలిపీట తెచ్చుకుంది. కార్లు ఆరు. రెండు బెంగళూరువి, రెండు హోసూరువి, ఒకటి ముళబాగిలు లారీలవాళ్ళ కుర్రాడిది, ఒకటి మా పాపది. బాడుగ కారు తలుపుల మీద తెల్ల రంగుతో అంకె వేసి ఉంది. వెనక అద్దం మీద 'మెల్లగా పోవలెను' అని ఎప్పుడో అంటించిన కాగితం ఊడకుండా అలాగే ఉండిపోయింది.

"అది పీకెయ్యమ్మా, నగుతారు" అన్నాడు ముళబాగిలు కుర్రాడు తన కారులోంచే.

"ఎనకాల వచ్చేవాళ్ళకే కదప్పా అది. చదువుకుంటా రా" అంది పాప.

మొదటి మలుపులోనే ఆమె ముందుకు వెళ్ళిపోయింది. ఆ పొడి మట్టి బెంగళూరువాళ్ళకు కొత్త. వాళ్ళు జారకుండా ఉండాలని చూశారు. పాప జారనిచ్చి, ఆ జారడంతోనే మలుపు తిరిగింది. చుట్టు చుట్టుకూ నా వాచీలో దూరం పెరుగుతూనే ఉంది. ఆమె గీత దాటాక నేను వేళ రాసుకుని, కళ్ళజోడు తీసి తుడుచుకుని, పెట్టుకున్నా రెండో కారు వచ్చేది కాదు. సైరన్ దగ్గర కూర్చున్న తండ్రి మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని రాయిలా ఉన్నాడు.

సగం దాటిన తర్వాత, దూరపు మలుపు దగ్గర ముళబాగిలు కారు టైర్ల కుప్ప ఎక్కి బోర్లా పడింది. దుమ్ములోంచి చక్రాలు పైకి తిరుగుతూ కనబడ్డాయి. సెక్రటరీ చేయి ఊపాడు. పక్కింటాయన సైరన్ తిప్పాడు. దీపం వెలిగించుకుని జీపు ట్రాకు మీదికి వచ్చింది.

ఇక్కడ ఆగి ఒక సంగతి చెప్పాలి. గనులు నడిచే రోజుల్లో మా ఊరికి గడియారం సైరనే. షిఫ్టు మొదలైనప్పుడు, ముగిసినప్పుడు మోగేది. దానికి ఎవరూ తల కూడా ఎత్తేవారు కాదు. కానీ వేళ కాని వేళ మోగితే అర్థం ఒక్కటే. లోపల బండ పగిలింది, మనుషులు చిక్కుకున్నారు. అప్పుడు పొయ్యి మీద అన్నం పొయ్యి మీదే, నీళ్ళ కుళాయి కింద బిందె కుళాయి కిందే. ఉన్నవాళ్ళు ఉన్నట్టు షాఫ్టు దగ్గరకు పరుగెత్తేవాళ్ళం. ఎవరి మనిషి అని అడిగేవాళ్ళం కాము. గనులు మూతపడి పదిహేనేళ్ళు దాటినా ఆ పరుగు మా కాళ్ళలోంచి పోలేదని ఆ రోజు తెలిసింది.

సైరన్ మోగగానే బెంగళూరు, హోసూరు కార్లు నాలుగూ బుద్ధిగా వేగం తగ్గించి జీపు వెనక చేరాయి. మా పాప బోర్లాపడిన కారును అప్పుడే దాటబోతోంది. కారును పక్కకు తిప్పి ఆపేసింది. బెల్టు విప్పుకుంది. దిగింది. తలమీది హెల్మెట్‌తోనే పరుగెత్తింది.

ఆమె ఒక్కతే కాదు. తాళ్ళు కట్టిన నాలుగు వైపులనుంచీ జనం తాళ్ళ కింద దూరి ట్రాకు మీదికి పరుగు. గొడుగుల ఆడవాళ్ళు గొడుగులతోనే. మామిడికాయలవాడు బుట్ట వదిలేసి. సైరన్ ఒక్కసారి మూలిగి ఆగిపోయింది. చూస్తే, తిప్పేవాడు పిడి వదిలేసి అందరికన్నా ముందు పోతున్నాడు. జీపు బ్రేకు వేసి మధ్యలో నిలిచిపోయింది, దాని వెనక నాలుగు కార్లూ నిలిచిపోయాయి. "ఏయ్! ఏయ్! యారప్పా అదు! ట్రాకు వదలండి!" అని సెక్రటరీ మైకులో కన్నడం, తెలుగు కలిపి అరుస్తున్నాడు. ఇంత వివరంగా చూసిన నేను ఎక్కడున్నానంటే, నా కుర్చీలో లేను. చేతిలో వాచీ నడుస్తుండగా ట్రాకు నడిమధ్యన ఉన్నాను. ఎలా వచ్చానో నాకు తెలియదు.

క్లబ్బు మనుషులు తాడూ కొక్కెమూ పట్టుకుని చేరేలోపల మావాళ్ళు ఆ కారును చేతుల మీద ఎత్తి నిలబెట్టేశారు. ఎవరు ఎక్కడ పట్టాలో ఎవరూ చెప్పలేదు. తలకిందులుగా బెల్టుకు వేలాడుతున్న కుర్రాణ్ణి తల పట్టుకుని దించింది పాప. పెదవి చిట్లింది, అంతే. అతను కళ్ళు తెరిచి, తన చుట్టూ ఉన్న అంత జనాన్నీ గొడుగుల్నీ చూసి, "నేను సచ్చిపోయినానా?" అన్నాడు.

"లేదప్పా. ఓడిపోయినావు" అన్నాడు పక్కింటాయన.

అందరూ నవ్వారు. ఎవరో నీళ్ళిచ్చారు. డాక్టరు వచ్చి చూసి ఫరవాలేదన్నాడు. జనం ఎంత తొందరగా వచ్చారో అంత నిదానంగా తాళ్ళ వెనక్కి వెళ్ళారు. అప్పుడు మొదలైంది అసలు పంచాయితీ.

నడుస్తున్న రేసులో కారు దిగితే రేసునుంచి తప్పుకున్నట్టే. అది రాసి ఉన్న రూలు. హోసూరువాళ్ళు ఆ మాటే అన్నారు. వాళ్ళ మాటలో తప్పులేదు. సెక్రటరీ చెమట తుడుచుకుంటూ పాపవైపు చూశాడు.

"ఎందుకు దిగావమ్మా? సైరన్ మోగితే జీపు వెనక చేరాలని పొద్దున్నే చెప్పాను కదా!"

"చెప్పినారు సార్" అంది పాప. "మోగేటప్పుడు గుర్తు రాలేదు. మా అమ్మ చెయ్యి పట్టుకోని ఈడ్చుకోని పోయినట్లయింది." ఆమె తల్లి పోయి చాలా ఏళ్ళయింది. వేళ కాని వేళ సైరన్ మోగినప్పుడల్లా పసిపిల్లగా ఉన్న పాపను చంకనెత్తుకునో, చేయి పట్టుకునో షాఫ్టు దగ్గరకు పరుగెత్తినవాళ్ళలో ఆమె ఒకతె.

సెక్రటరీకి అదంతా అర్థం కాలేదు. పక్కింటాయన అర్థమయ్యేలా చెప్పగలిగినవాడే. కానీ తను వదిలేసి వచ్చిన సైరన్ వైపే చూస్తున్నాడు. ముఖం నల్లబడిపోయింది. సైరన్ తిప్పింది తనే.

మాట్లాడింది ముళబాగిలు కుర్రాడు. నీళ్ళ సీసా పెదవికి అదుముకుని అన్నాడు: "సార్, ఆయమ్మ దిగింది తప్పంటే, నన్ను మళ్ళా ఆ కార్లో తలకిందలుగా పెట్టేయండి. మీవాళ్ళు వచ్చేదాకా ఏలాడతా ఉంటాను."

రేసులో రెండో స్థానంలో ఉన్న బెంగళూరు అబ్బాయి ఇంతసేపూ కారులోనే కూర్చుని వింటున్నాడు. అద్దం దించి, "ముందు స్థానం ఆమె వదిలేసింది. అది ఇప్పుడు నాదే, ఇచ్చేది లేదు" అన్నాడు. "కానీ రేసులోంచి తీసెయ్యొద్దు. లైన్లో చివర నిలబెట్టండి. గెలిస్తే అందరినీ దాటి గెలవనీ."

సెక్రటరీ మిగతావాళ్ళ ముఖాలు చూశాడు. హోసూరువాళ్ళు గొణిగి ఊరుకున్నారు. చివర అంటే చివరే కదా.

అప్పుడు లేచింది పక్కింటాయన గొంతు. "చివర్లోనా! యాడ ఉండిందండీ నా బిడ్డ! కళ్ళజోడు తుడుచుకునేంత దూరం ముందర ఉండింది, అడగండి మా అన్నని! ఆ దూరమంతా యాడ పోయింది? అందుకే సెప్తా ఉండా, ఈ సేఫ్టీ కారే దొంగ!"

పాప హెల్మెట్ బకిలు పెట్టుకుంటూ తండ్రి దగ్గరకు వచ్చింది. "నాయనా, ఒకసారి అటు చూడు. చివర అంటే ఎంత? నాలుగు కార్లు. ఆనుకోని నిలబడి ఉండారు. పెద్దనాయన చెప్పిన రూలు పెట్టుంటే ఏమయ్యుండేది? నేను దిగినంతసేపూ వాళ్ళు నిదానంగానైనా పోతానే ఉండేవాళ్ళు. ఒక చుట్టు మొత్తం ఎనకబడి ఉండేదాన్ని. అప్పుడు పట్టుకునేది యాడ? నువ్వు తిట్టే జీపే వాళ్ళందర్నీ నా కోసరం పట్టి నిలబెట్టింది."

పక్కింటాయన తిరిగి ఆ జీపు వైపు చూశాడు. నేనూ చూశాను. అన్నేళ్ళుగా ఆదివారం ఆదివారం నేను వాదించిన న్యాయమైన రూలు, ఉన్న దూరాన్ని ఉన్నట్టు కాపాడే రూలు, ఆ రోజు మా పాపను పూర్తిగా ముంచి ఉండేది. ముందున్నవాడి సంపాదనను లాక్కునే రూలే, వెనకబడినదానికి దారి ఇచ్చింది. టైమాఫీసులో నేను ఎప్పుడూ వచ్చినవాళ్ళ వేళనే రాశాను. ఆగిపోయినవాళ్ళు మళ్ళీ ఎలా అందుకుంటారనేది నా కాగితంలో గడి లేని విషయం.

జీపు కదిలింది. వెనక ఐదు కార్లు, చివర 'మెల్లగా పోవలెను'. జీపు దీపం ఆర్పి తప్పుకోగానే దిబ్బల కింద ఒక్కసారిగా తెల్ల మేఘం లేచింది.

ఆ తర్వాతి చుట్లలో నేను రాసిన వేళలు గీతలు తప్పి అడ్డదిడ్డంగా ఉన్నాయి. హోసూరు కార్లు రెంటినీ ఆమె ఒకే మలుపులో, ఒకదాన్ని లోపలినుంచి, ఒకదాన్ని బయటనుంచి దాటింది. మూడోదాన్ని ఎక్కడ దాటిందో దుమ్ములో నాకు కనబడలేదు. గీత దగ్గరకు వచ్చేసరికి అది వెనక ఉంది. ఆఖరి చుట్టులో ముందు ఆ బెంగళూరు అబ్బాయి, వెనక ఆమె. మా ఆవిడ ముక్కాలిపీట ఎక్కి నిలబడింది. "తిప్పు పాపా! తిప్పవే! ఆ పక్కకి కాదు, ఈ పక్కకి!" అని తనకే కారు నడపడం వచ్చినట్టు అరిచింది. పీట మీదినుంచి పడకుండా నేనొక చేత్తో ఆమెను పట్టుకుని, ఇంకో చేత్తో వాచీ నొక్కాను.

బెంగళూరు అబ్బాయి ముందు దాటాడు. అతని వెనక చక్రాల దగ్గర పాప కారు ముక్కు ఉంది.

రెండో స్థానం. సీటు మొదటి స్థానానికే.

ఆ అబ్బాయి దిగి వచ్చి చేయి కలిపాడు. జనం గెలిచినవాడికన్నా ఆమెకే ఎక్కువ చప్పట్లు కొట్టారు. పాప నవ్వుతూనే ఉంది గానీ, కారు వెనక్కి వెళ్ళి, ఆ పాత కాగితం మీది దుమ్మును చేత్తో తుడుస్తూ చాలాసేపు మా వైపు తిరగలేదు. తండ్రి సైరన్‌ను గోనెసంచిలో చుట్టి డిక్కీలో పెట్టాడు. ఇంటికి పోయేటప్పుడు కారులో మా ఆవిడ, "ఇట్లాంటి రేసు టీవీలో కూడా చూళ్ళేదు" అంది. మరుసటి రోజు పొద్దున పాప మామూలుగా కంపెనీ బస్సెక్కింది.

వేసవి మొదట్లో సెక్రటరీ ఫోన్ చేశాడు. నాకు ముందు చేశాడు, ఆమెతో ఎలా చెప్పాలో తెలియక. పెద్ద ట్రాకు మీద జరిగే రేసులకు సేఫ్టీ కారు నడపడానికి మనిషి కావాలి. గట్టిగా నడపగలిగి ఉండాలి, ఎందుకంటే సేఫ్టీ కారు మరీ నిదానంగా పోతే వెనకున్న రేసు కార్ల టైర్లు చల్లబడి పట్టు తప్పుతాయి. అదే సమయంలో పడిపోయినవాడి మీద చూపు ఉండాలి. "ఆ రోజు నేను ఆమె మీద కోప్పడ్డాను సార్. ఇంటికి పోయాక ఆలోచిస్తే, నాకు కావలసిన మనిషి ఆమే అనిపించింది" అన్నాడు.

ఆ సాయంత్రం మా ఇంట్లో చెప్పాను. పక్కింటాయన గ్లాసు కింద పెట్టాడు. "సేఫ్టీ కారా! నా కూతురా!"

"దొంగ కారు" అంది మా ఆవిడ. "నువ్వు పెట్టిన పేరే కదప్పా."

పాప వెంటనే ఒప్పుకోలేదు. "అందరికన్నా ముందర పోవల్ల. గెలిచేది మాత్రం ఎవురో. అదేం ఉద్యోగం పెద్దనాయనా?" అంది. జవాబు తండ్రి చెప్పాడు: "నేను చేసిందీ అదే కద పాపా. కేజ్‌లో పోయేవాళ్ళు పోయినారు, వచ్చేవాళ్ళు వచ్చినారు. నేను యాడికీ పోలేదు. కానీ ఒక్కరు కూడా కుదుపు తగిలిందని అనలేదు." మళ్ళీ తనే, "తారు ట్రాకు అయితే నువ్వు కోరుకున్నదే కదా?" అన్నాడు.

పాప ఒప్పుకుంది. ఒక షరతు పెట్టింది. సేఫ్టీ కారు నడిపినా, మా మట్టి రేసులో మళ్ళీ పోటీ చేసే హక్కు తనకుండాలి. సెక్రటరీ దానికి ఒప్పుకోవడమే కాదు, రూల్లో ఒక వాక్యం చేర్చాడు. పడిపోయినవారికి సాయం చేయడానికి కారు దిగినవారు రేసునుంచి తప్పుకున్నట్టు కాదు, సేఫ్టీ కారు వరసలో చివర చేరవచ్చు. ఆ వాక్యం నాచేత తెలుగులో కూడా రాయించాడు. జీవితంలో నేను రాసిన వాక్యాల్లో నాకు బాగా నచ్చినది అదే.

ఆమె మొదటిసారి తారు ట్రాకు మీదికి దిగిన రోజు మేము ముగ్గురం మద్రాసు రైలెక్కాం. ఎత్తయిన మెట్ల మీద కూర్చున్నాం. చాలాసేపు సేఫ్టీ కారు ఒక మూలన తల దించుకుని నిలబడి ఉంది. ముందున్న కారు అందనంత దూరం పోయింది. మా ఆవిడ ఆవలించింది కూడా. అప్పుడొక కారు గిర్రున తిరిగి కంకరలో కూరుకుపోయింది. దీపం వెలిగింది. మా పాప ట్రాకు మీదికి వచ్చింది.

మా ముందు వరసలో టోపీ పెట్టుకున్న పెద్దమనిషి ఒకాయన నెత్తి కొట్టుకుని తెలుగులోనే అన్నాడు: "పోయింది! వాడి కష్టమంతా పోయింది!"

పక్కింటాయన వంగి అతని భుజం తట్టాడు. "పోయిందప్పా, నిజమే. అంతా పోయింది. ఇంగ కూర్చోని చూడు."

ఆమె వెనక కార్లన్నీ ఒక్కొక్కటే వచ్చి చేరాయి. కంకరలో కూరుకుపోయినదాన్ని లాగేశారు. డ్రైవరు దిగి చేయి ఊపాడు. దీపం ఆరింది. పాప మలుపు దగ్గర సునాయాసంగా పక్క దారిలోకి తప్పుకుంది. ఆమె వెనక గొలుసు తెంపుకున్నట్టు కార్లన్నీ దూసుకుపోయాయి. టోపీ ఆయన లేచి నిలబడి అరుస్తున్నాడు. మా ఆవిడ కూడా నిలబడింది. పక్కింటాయన మాత్రం కూర్చునే ఉన్నాడు. రేసు చూడడం లేదు. పక్క దారిలో మెల్లగా, కుదుపు లేకుండా ఆగుతున్న ఆ కారునే చూస్తున్నాడు.

సాయంత్రం గేటు దగ్గర పాప మమ్మల్ని కలిసింది. ముఖం మీద హెల్మెట్ గుర్తులు. మొదటి మాటే మట్టి రేసు గురించి. మళ్ళీ శివరాత్రి దాటాక పెడుతున్నారట, పేరు ఇచ్చేసిందట.

"ఈసారి నీ సైరన్ ఇంట్లోనే పెట్టి రా నాయనా. గంట ఏదన్నా చూసుకోండి."

"తేనులే" అన్నాడు పక్కింటాయన. "ఒకవేళ తెస్తే? మోగితే? దిగకుండా ఉంటావా?"

"ఉండను" అంది పాప. "అందుకే తేవద్దంటా ఉండేది."